దంతములను తెల్లపరచుట: ఏమి ఆశింపవచ్చును, ఏమి ఆశింపరాదు

గ్రామ పంచాయతీ సభ్యుని యొద్దకు ప్రజలు వీధి దీపములు, మురుగు కాలువలు, మంచినీటి కుళాయిల విషయమై వచ్చుట సామాన్యము. ఇటీవల మరియొక విధమైన సలహా కోరి వచ్చువారును కలరు. ఆడపిల్లకు సంబంధము చూచుచున్నారు. పళ్ళు గారపట్టి పచ్చగానున్నవని అవతలివారు వెనుకాడుచున్నారు. పట్టణములో పళ్ళు తెల్లపరచెదమను బోర్డు చూచితిమి, పోవచ్చునా అని తల్లిదండ్రులు అడుగుదురు. సంతలో ఒకడు సీసా చేతబట్టి, అయిదు నిమిషములలో పళ్ళు ముత్యములవలె చేసెదనని కేకలు వేయుచుండును. సెల్‌ఫోనులో ప్రకటన చూచి యువకులు పొట్లము ఇంటికే తెప్పించుకొందురు.

ఈ మార్గములలో ఏది ఎంతవరకు పనిచేయునో, ఎవరికి పనికిరాదో, దేనివలన హాని కలుగునో సభ్యులు తెలిసికొనియుండుట మంచిది. ఇది కుటుంబముల కష్టార్జితము ఖర్చగు విషయము. అంతేకాదు, కొన్ని గ్రామములలో పిల్లల పళ్ళ రంగు ఆ గ్రామము త్రాగిన నీటి సంగతిని తెలుపుచుండును. అట్టి చోట్ల ఇది ఒక ఇంటి సమస్య కాదు, ఊరి సమస్య.

పంటికి రంగు ఎచ్చటినుండి వచ్చును

మన కంటికి కనబడు పంటి పైభాగము ఎనామెల్ అను గట్టి పొర. మానవ శరీరములో దీనికంటె గట్టి పదార్థము వేరొకటి లేదు. కాని ఇది పూర్తిగా తెల్లని పొర కాదు, కొంత పారదర్శకమైనది. దాని క్రింద డెంటిన్ అను రెండవ పొర కలదు. అది స్వభావముచేతనే లేత పసుపు వన్నె కలది. పై పొరగుండ లోపలి వన్నె బయటికి కనబడును. కావున ఆరోగ్యముగానున్న పన్ను సున్నమువలె తెల్లగా నుండదు. కొంచెము పసుపు ఛాయ యుండుట రోగము కాదు.

వయస్సు పెరిగినకొలది పై పొర అరిగి పలుచనగును. లోపలి పొర చిక్కబడి రంగు ముదురును. అందుచేతనే వృద్ధుల పళ్ళు యువకుల పళ్ళకంటె పచ్చగా కనబడును. మరియొక సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను: చర్మము చీరుకొనిన మానును, ఎముక విరిగిన అతుకుకొనును, కాని ఎనామెల్ ఒకసారి అరిగిపోయినచో తిరిగి పుట్టదు. పళ్ళు తెల్లపరచు ప్రతి పనిని ఈ ఒక్క సత్యముతో తూచి చూడవలెను.

మచ్చలు రెండు విధములు

పళ్ళ మచ్చలలో మొదటి రకము పైన పట్టునవి. టీ, కాఫీ, తాంబూలములోని కాచు, వక్క, చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా వీనివలన ఇవి కలుగును. ఇనుము కలిసిన ద్రవరూపపు టానిక్కులు, క్లోర్‌హెక్సిడిన్ అను పుక్కిలించు మందు చాలకాలము వాడినను పళ్ళు నల్లబడుట కలదు. పంటి మొదట చిగుళ్ళవద్ద గట్టిపడిన గార కూడ ఈ రకమునకే చెందినది.

రెండవ రకము మచ్చలు పంటి లోపలనే యుండును. పిల్లల పళ్ళు తయారగు కాలమున, అనగా సుమారు ఎనిమిది సంవత్సరముల వయస్సులోపల, ఎక్కువ ఫ్లోరైడు గల నీరు త్రాగుటవలన తెల్లని చారలు, గోధుమవన్నె మచ్చలు ఏర్పడును. అదే వయస్సులో టెట్రాసైక్లిన్ అను మందు వాడినచో బూడిద రంగు పట్టీలు కనబడవచ్చును. దెబ్బ తగిలి లోపలి నరము చచ్చిన పన్ను ఒక్కటియే నల్లబడును. పుచ్చిన పన్నును నల్లగానే యుండును.

ఈ భేదము తెలియక చేయు ఖర్చు చాలవరకు వృథా. పైమచ్చకు ఒక ఉపాయము, లోపలి మచ్చకు మరియొక ఉపాయము, పుచ్చునకు వేరొక చికిత్స. ఏ రకమో నిర్ణయించవలసినది దంతవైద్యుడు, ప్రకటన కాదు.

మొదటి పని శుభ్రపరచుట

పళ్ళు పచ్చగానున్నవని వచ్చువారిలో అనేకులకు కావలసినది తెలుపు మందు కాదు, గార తీయించుకొనుట. దంతవైద్యుడు సన్నని పరికరముతో గారను వదిలించి, తరువాత మెత్తని పిండివంటి పదార్థముతో పళ్ళను మెరుగు పెట్టును. సాధారణముగా ఒకటి లేక రెండు పర్యాయములలో ఇది ముగియును. ఇందువలన పంటి సహజమైన రంగు బయటపడును. దానికంటె తెల్లగా మారదు.

గార తీసిన పిమ్మట పళ్ళు వదులైనవనియు, సందులు పడినవనియు కొందరు చెప్పుదురు. నిజమేమనగా గార పేరుకొన్నప్పుడే చిగుళ్ళు వాచి, ఎముక తగ్గి, పన్ను పట్టు సడలియుండును. గార ఆ లోపమును కప్పియుంచును. దానిని తీయగానే లోపము కంటబడును. ఆ భయముచేత గార తీయించుకొనక యుండుట పళ్ళను పోగొట్టుకొనుటకే దారితీయును.

వైద్యశాలలో తెల్లపరచుట

శుభ్రపరచిన పిమ్మటను ఇంకను తెలుపు కావలెనని కోరువారికి హైడ్రోజన్ పెరాక్సైడ్ అను మందు వాడుదురు. ఇది పంటిలోనికి ఇంకి, రంగు కలిగించు పదార్థములను విడగొట్టును. వైద్యశాలలో వాడు మందు తీవ్రమైనది; సాధారణముగా 25 నుండి 40 శాతము వరకు బలము కలది. చిగుళ్ళకు తగిలినచో కాలును. కావున వైద్యుడు మొదట చిగుళ్ళమీద రక్షణ పూత వేసి, తరువాతనే పళ్ళకు మందు పట్టించును. మొత్తము పని సుమారు ఒక గంట పట్టును. కొందరికి రెండు మూడు పర్యాయములు రావలసియుండును.

కొన్ని చోట్ల నీలిరంగు దీపమును పళ్ళకు చూపుదురు. దీపమువలన ఫలితము విశేషముగా పెరుగునని నిర్ధారణగా తేలలేదు. పనిచేయునది ముఖ్యముగా మందే. దీపము పేరిట ఎక్కువ రుసుము అడిగినచో ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

పని ముగిసిన దినమున పళ్ళు మిక్కిలి తెల్లగా కనబడును. అందులో కొంత భాగము పంటిలోని తేమ ఆరుటవలన కలిగినది. కొలది దినములలో తేమ తిరిగి చేరగానే ఆ తెలుపు కొంచెము తగ్గును. దీనిని మోసమని తలపరాదు. వారము పది దినముల తరువాత నిలిచిన రంగే అసలైన ఫలితము.

ఇంటివద్ద తెల్లపరచుట

దంతవైద్యుని పర్యవేక్షణలో ఇంటివద్ద చేయు పద్ధతి 1989 లో అమెరికాలోని హేవుడ్, హేమన్ అను దంతవైద్యులు ప్రకటించినది. వైద్యుడు రోగి పళ్ళకు అచ్చు తీసి, దానికి సరిపోవు పలుచని ప్లాస్టిక్ తొడుగు తయారుచేయించి యిచ్చును. అందులో కొద్దిగా మందు వేసి, రాత్రి నిద్రపోవునపుడు గాని, పగలు కొన్ని గంటలు గాని పళ్ళకు తొడుగవలెను. ఇందుకు వాడునది కార్బమైడ్ పెరాక్సైడ్. 10 శాతపు కార్బమైడ్ పెరాక్సైడ్ సుమారు మూడున్నర శాతపు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సమానము. అనగా వైద్యశాల మందుకంటె చాల మృదువైనది.

మందు మృదువైనది కావున కాలము ఎక్కువ పట్టును. సాధారణమైన పసుపునకు రెండు మొదలు నాలుగు వారములు. టెట్రాసైక్లిన్ మచ్చలకు కొన్ని నెలలు. ఓపికతో చేసినవారికి కలుగు ఫలితము వైద్యశాలలో చేయించుకొనినదానికి తీసిపోదు. తొందర లేనివారికి ఇది తగిన మార్గము.

అంగడిలో అమ్ము పట్టీలు, అందరికీ ఒకే కొలత గల తొడుగులు వేరు. ఇవి పంటికి సరిగా కరచుకొనక మందు చిగుళ్ళమీదికి జారును. తెల్లపరచునవని చెప్పు పేస్టులు పైమచ్చలను కొంతవరకు రుద్ది తీయును గాని లోపలి రంగును మార్చవు. ఐరోపా సమాజము 2011 లో చేసిన నిబంధన ప్రకారము 0.1 శాతమునకు మించి 6 శాతము వరకు హైడ్రోజన్ పెరాక్సైడ్ గల సరుకులను దంతవైద్యులకు మాత్రమే అమ్మవలెను. మొదటి వాడకము వైద్యుని పర్యవేక్షణలో జరుగవలెను. 18 సంవత్సరములు నిండనివారికి వాడరాదు. పొట్లముపై మందు పేరు, బలము వ్రాసియుండనిచో దానిని కొనకుండుటయే మేలు.

కలుగు బాధలు, నిలుచు కాలము

ఏ పద్ధతియందైనను కొందరికి చల్లని నీరు తగిలిన పళ్ళు జివ్వుమనును. ఇది సామాన్యముగా కొలది దినములలో తగ్గును. అంతవరకు పళ్ళ జివ్వునకు వాడు పేస్టు వైద్యుడు చెప్పును. అవసరమైన ఒకటి రెండు దినములు మందు మానవలెను. చిగురు తెల్లబడి మండినచో మందు పైకి పొంగినదని గ్రహింపవలెను. నొప్పి తీవ్రమైనను, తగ్గకున్నను వైద్యుని చూడవలెను.

పని జరిగిన రెండు దినముల వరకు టీ, కాఫీ, పసుపు ఎక్కువగా పడిన కూర, తాంబూలము విడుచుట మంచిది. పొగ, కిళ్ళీ మానని వానికి ఖర్చు నిలువదు. మంచి అలవాట్లు కలవారికి తెలుపు కొన్ని నెలల నుండి రెండు మూడు సంవత్సరముల వరకు నిలుచును. శాశ్వతమని చెప్పువాని మాట నమ్మరాదు.

ఎవరికి తగదు

పుచ్చిన పళ్ళు, చిగుళ్ళ వాపు, చీము కలవారు మొదట ఆ చికిత్స చేయించుకొనవలెను. పుచ్చిన రంధ్రములోనికి ఈ మందు దిగినచో తీవ్రమైన నొప్పి కలుగును. గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఈ పనిని వాయిదా వేసికొనుట మంచిది. ఇది అత్యవసరమైన చికిత్స కాదు. చిన్నపిల్లలకు చేయింపరాదు. కట్టుడు పళ్ళు, తొడుగు వేసిన పళ్ళు, సిమెంటు నింపిన భాగములు ఈ మందుకు తెల్లబడవు. ముందు పళ్ళలో అట్టివి యున్నచో చుట్టుపట్లనున్న పళ్ళు మాత్రము తెల్లబడి తేడా ప్రస్ఫుటమగును. ఈ మాట ముందుగానే అడిగి తెలిసికొనవలెను.

నోటిలో రెండు వారములు దాటియు మానని పుండు, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, నోరు తెరచుట కష్టమగుట కలవారు తెలుపు మాట విడిచి వెంటనే వైద్యునికి చూపించుకొనవలెను. గుట్కా, ఖైనీ వాడువారికిని, ఉత్తర కోస్తా ప్రాంతమున అడ్డపొగ త్రాగు స్త్రీలకును ఇది ముఖ్యముగా చెప్పవలసిన మాట. నిప్పు కొనను నోటిలోనుంచుకొని త్రాగుటవలన అంగిలి దెబ్బతిని క్యాన్సరు కలుగు ప్రమాదము కలదు. పళ్ళ నలుపు కనబడును. అంగిలిలోని వ్యాధి ఇతరులకు కనబడదు.

సంత మందులు, ఇంటి చిట్కాలు

సంతలలోను జాతరలలోను పళ్ళకు రాయు ద్రవములలో ఏమున్నదో సీసాపై వ్రాసియుండదు. ఆమ్లము కలిసిన ద్రవము రాసినచో పైమచ్చతోపాటు ఎనామెల్ కూడ కరగును. ఆనాటికి పన్ను తెల్లగా కనబడును. కొంతకాలమునకు లోపలి పసుపు పొర బయటపడి ముందటికంటె పచ్చనగును, పులుపు తగిలిన ఓర్వలేదు. నిమ్మరసముతో రుద్దుటయు ఇట్టిదే. ఇటుక పొడి, ఇసుక, ముతక ఉప్పు, బొగ్గు వీనితో దినదినము తోముట పంటిని సానరాతిపై అరగదీయుట వంటిది.

వేపపుల్ల, కానుగపుల్ల మన గ్రామములలో తరతరములుగా వాడుకలో నున్నవి. కొన మెత్తగా నమలి, చిగురు గీరుకొనకుండ తోమినచో తప్పులేదు. అయితే అవి పన్నును శుభ్రపరచునే గాని లోపలి రంగును మార్చవు. పొగాకు కలిసిన పండ్లపొడి మాత్రము పూర్తిగా విడువదగినది. 1992 లో భారత ప్రభుత్వము పండ్లపొడులలోను పేస్టులలోను పొగాకు వాడుటను నిషేధించినది. అట్టి పొడి గ్రామములో అమ్ముచున్నచో అది చట్టవిరుద్ధమని సభ్యులు దుకాణదారునకు తెలియజేయవలెను.

ఫ్లోరైడు గ్రామముల సంగతి

మన తెలుగునాట పళ్ళ మచ్చలకు నీరే కారణమైన గ్రామములు అనేకము. 1937 లోనే నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధి కలదని వైద్య పరిశోధకులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు ప్రాంతములు ఈ బాధను తరములపాటు అనుభవించినవి. భూగర్భమున నల్లరాతి పొరలలోని ఫ్లోరైడు ఖనిజములు నీటిలో కరగి బోరుబావులలోనికి వచ్చుటయే ఇందుకు హేతువు.

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లిగ్రాము మించకుండుట మంచిదనియు, వేరు నీరు దొరకనపుడు 1.5 మిల్లిగ్రాముల వరకు అనుమతింపవచ్చుననియు భారత ప్రమాణములు చెప్పుచున్నవి. నీటిని కాచుటవలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైనకొలది దాని పాలు పెరుగును. ట్యాంకులో బ్లీచింగు పొడి కలుపుట క్రిములను చంపుటకే. ఫ్లోరైడును అది తొలగింపదు. ఈ రెండు విషయములలో గ్రామములలో అపోహ కలదు. 1970 దశకములో నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన పద్ధతిలో పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును మడ్డితోపాటు దింపి వేయుదురు. దానికి నల్లగొండ పద్ధతియనియే పేరు వచ్చినది. అన్నిటికంటె సుస్థిరమైన మార్గము నదీజలములను శుద్ధిచేసి తెచ్చుట. 2016 లో తెలంగాణలో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము ఈ ఉద్దేశముతో కృష్ణా గోదావరి జలములను గ్రామములకు చేర్చ బూనినది.

ఫ్లోరైడు మచ్చలకు తెలుపు మందు ఎంతవరకు పనిచేయును? లేత మచ్చలు కొంత కలిసిపోవును. అయితే మొదటి దినములలో తెల్లని చారలు మరింత తెల్లబడి భయపెట్టవచ్చును. తరువాత చుట్టునున్న పన్ను రంగు వానికి దగ్గరగును. గోధుమవన్నె మచ్చలకు వైద్యుడు పై పొరను అతి పలుచగా రుద్ది తీసి, పిమ్మట మందు వాడును. గుంటలు పడి ముదిరిన పళ్ళకు మందు చాలదు. పైన పలుచని పలకలు గాని, తొడుగులు గాని వేయవలసియుండును. ఆ పనికి ఖర్చు ఎక్కువ, పన్ను కొంత అరగదీయవలసియు రావచ్చును. ఈ మూడింటిలో ఏది అవసరమో ముందు నిర్ణయించుకొనక తెలుపు మందుకు డబ్బు కట్టిన కుటుంబము నిరాశ చెందును.

ఊరికి మంచినీరు వచ్చినంత మాత్రమున అప్పటికే ఏర్పడిన మచ్చలు పోవు. పిల్లల ముందు పళ్ళ పై పొర పుట్టుక మొదలు నాలుగైదు సంవత్సరముల లోపలనే తయారగును. ఆ పళ్ళు బయటికి వచ్చునది ఆరు మొదలు ఎనిమిది సంవత్సరముల వయస్సున. కావున నీరు మారిన తరువాత పుట్టిన బిడ్డ రెండవ తరగతి చదువునప్పుడు నవ్విననాడు పంచాయతీ చేసిన పని ఫలితము కనబడును. అంతవరకు ఏమియు మారలేదని ప్రజలు పాత బోరునకు మరలిపోకుండ చూచుట సభ్యుల బాధ్యత.

పంచాయతీ చేయదగిన పనులు

త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా చేర్చబడినవి. కావున ఈ క్రింది పనులు సభ్యుల పరిధిలోనివే.

ఒకటి: గ్రామములోని ప్రతి బోరు, బావి, కుళాయి నీటిని ఫ్లోరైడు కొరకు పరీక్ష చేయించి, ఫలితమును పంచాయతీ కార్యాలయమున గోడపై వ్రాయించవలెను. 2019 లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణనిచ్చు ఏర్పాటు జరిగినది. వారి సేవను ఉపయోగించుకొనవలెను. పరిమితి మించిన బోరుకు త్రాగరాదను గుర్తు వేయవలెను.

రెండు: రెండవ, మూడవ తరగతి పిల్లల పళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునిచేత ఏటేట చూపించవలెను. ఒక వీధి పిల్లలందరకు మచ్చలున్నచో ఆ వీధి నీటిని మొదట అనుమానింపవలెను.

మూడు: జాతర, సంతలలో పళ్ళకు మందు రాయువానిని, బి.డి.యస్. పట్టము లేక పళ్ళు కట్టువానిని అనుమతింపరాదు. ప్రభుత్వ రిజిస్టరులో పేరు నమోదైన దంతవైద్యునికే ఆ పని చేయు అర్హత కలదు. హైదరాబాదు, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులలో పళ్ళను చూపించుకొనవచ్చునని తెలుపవలెను.

ప్రజలు అడుగు ప్రశ్నలు

పళ్ళు తెల్లపరచిన గట్టిపడునా? గట్టిపడవు. ఇది రంగు మార్చు పనియే గాని బలము చేకూర్చు పని కాదు. పుచ్చు రాకుండుటకు ఉదయము, రాత్రి ఫ్లోరైడు గల పేస్టుతో మెత్తని బ్రష్షుతో తోముటయే ఉపాయము. పిల్లలకు శనగగింజంత పేస్టు చాలును, మూడేండ్ల లోపువారికి బియ్యపు గింజంత చాలును, మింగకుండ చూడవలెను. నీటిలో ఫ్లోరైడు మించిన గ్రామములలో పిల్లల పేస్టు విషయమై వైద్యుని సలహా తీసికొనవలెను.

వైద్యుని ముందుగా అడుగవలసినవేమి? నా మచ్చ పైదా లోపలిదా, ముందు గార తీయించిన చాలునా, ఎన్ని పర్యాయములు రావలెను, మొత్తము ఖర్చెంత, ఎంతకాలము నిలుచును, నా తొడుగు పళ్ళ సంగతి ఏమి: ఈ ఆరు ప్రశ్నలకు సమాధానము చెప్పిన పిమ్మటనే డబ్బు కట్టవలెను. రంగుల పట్టికతో పంటి రంగును ముందు ఒకసారి, తరువాత ఒకసారి పోల్చి చూపుమని కోరవలెను.

పళ్ళకు మచ్చలున్న పిల్లతో సంబంధము వద్దనుట న్యాయమా? ఫ్లోరైడు మచ్చలు అంటువ్యాధి కావు. తల్లినుండి బిడ్డకు సంక్రమించునవియు కావు. ఆ పిల్ల చిన్ననాట త్రాగిన నీటివలన కలిగినవి. ఆమెకు పుట్టు బిడ్డలు మంచినీరు త్రాగి పెరిగినచో వారి పళ్ళు మచ్చలేకుండ నుండును. పెండ్లి మాటలు జరుగుచోట ఈ సంగతి తెలిసిన పెద్ద ఒక్కడున్నను చాలును. పంచాయతీ సభ్యుడు ఆ మాటను సభలో చెప్పవలెను. ఆ పిల్ల తల్లిదండ్రులు అప్పుచేసి తెలుపు మందుకు పరుగెత్తకముందే చెప్పవలెను.